ఉమ్మడి ఆయుధాలు: ప్రభుత్వాలు చూసేది ఖర్చొక్కటే కాదు

దేశాలు కలిసి చేపట్టే రక్షణ ప్రాజెక్టుల ఒప్పందాలు చూడటం నా వృత్తి. ఈ రంగం గురించి తరచూ వినే మూడు మాటలు సరిచేయాలనిపించింది.

అపోహ: నాలుగు దేశాలు కలిస్తే ఖర్చు నాలుగో వంతుకు దిగుతుంది.

వాస్తవం: ఒక్కో దేశం మీద భారం తగ్గుతుంది కానీ మొత్తం ఖర్చు పెరుగుతుంది. యూరోఫైటర్ టైఫూన్ యుద్ధవిమానాన్నే తీసుకోండి. బ్రిటన్, జర్మనీ, ఇటలీ, స్పెయిన్‌లలో ఎవరెన్ని విమానాలు కొంటామన్నారో, దాన్నిబట్టే వారి కంపెనీలకు పని దక్కింది. ఎడమ రెక్క ఇటలీది, కుడి రెక్క స్పెయిన్‌ది. చివరి కూర్పు కూడా ఒకచోట కాదు, నాలుగు దేశాల్లోనూ జరుగుతుంది. ఇంజనీరు కంటికి ఇది వృథా. ప్రభుత్వం మాత్రం తన పార్లమెంటుకు ఉద్యోగాలు చూపించాలి, రేపటి అవసరానికి నైపుణ్యం చేజారకుండా కాపాడుకోవాలి. అందుకే ఆ అదనపు ఖర్చుకు తెలిసే ఒప్పుకుంటుంది. ఒప్పుకోలేనప్పుడు బయటికి నడుస్తుంది. విమానవాహక నౌక మీద దిగగల విమానం, డిజైన్‌లో పెద్దరికం కోరిన ఫ్రాన్స్ 1985లో ఈ ప్రాజెక్టు నుంచి తప్పుకుని, సొంతంగా రఫేల్ తయారుచేసుకుంది.

అపోహ: యూరోపియన్ యూనియన్‌లో ఆయుధాల కొనుగోళ్లకూ ఉమ్మడి మార్కెట్ నియమాలే.

వాస్తవం: ఈయూ ఒప్పందంలోని 346వ అధికరణం కీలక భద్రతా ప్రయోజనాల పేరుతో మినహాయింపు ఇస్తుంది. ప్రభుత్వాలు దాన్ని అవసరానికి మించి వాడుతున్నాయన్నది నా అభిప్రాయం.

అపోహ: కలిసి తయారుచేసినదాన్ని ఎవరికి వారు అమ్ముకోవచ్చు.

వాస్తవం: అమ్మకానికి భాగస్వాముల సమ్మతి కావాలి; చర్చలు ఎక్కువగా బిగుసుకునేది ఇక్కడే. సౌదీ అరేబియాకు మరిన్ని టైఫూన్లు అమ్మాలని బ్రిటన్ ఎంత కోరుకున్నా, జర్మనీ ససేమిరా అంది. 2024 జనవరిలో గానీ మెత్తబడలేదు. భాగస్వామికే తలుపులు మూసుకుపోవచ్చు కూడా. అమెరికా నాయకత్వంలోని ఎఫ్-35 యుద్ధవిమానానికి విడిభాగాలు తయారుచేస్తున్న తుర్కియేను, రష్యా ఎస్-400 క్షిపణి వ్యవస్థను కొన్నందుకు 2019లో ఆ కార్యక్రమం నుంచి తొలగించారు. బ్రిటన్, ఇటలీలతో కలిసి కొత్త యుద్ధవిమానం చేస్తున్న జపాన్, దాన్ని ఇతర దేశాలకు అమ్మే వీలు కోసం 2024 మార్చిలో తన ఎగుమతి విధానాన్నే సడలించుకుంది.

ఏ రెండు ప్రభుత్వాలు నిజంగా చేతులు కలిపాయో చూడాలంటే, ఏ నైపుణ్యాన్ని అవతలివారికి వదిలేశాయని అడుగుతాను. క్షిపణుల విషయంలో బ్రిటన్, ఫ్రాన్స్ 2015 ఒప్పందంతో ఆ పని చేశాయి: కొన్ని సాంకేతికతలు ఒక దేశంలోనే ఉంటాయి, రెండో దేశం వాటికోసం దానిమీదే ఆధారపడుతుంది. నేను చూసినంతలో ఇలాంటి సంతకాలు చాలా అరుదు.