పాత కారు కొని మోసపోతే: డీలర్ మీద క్లెయిమ్ గురించి అపోహలు, వాస్తవాలు

పాత కార్లు అమ్మే కన్సల్టెన్సీలో కారు కొన్న పది రోజులకే గేర్లు జారడం మొదలైందనుకోండి. చాలామంది మొదట చేసేది, తెలిసిన మెకానిక్ దగ్గరికి తోలుకెళ్లి గేర్‌బాక్స్ విప్పించడం. తర్వాత డీలర్‌కి ఫోన్ చేసి గొడవ పడటం. రెండూ కేసును చేజేతులా చెడగొట్టే పనులే. పాత కారు చెడుతుందని ఫిర్యాదు వినే వినియోగదారుల కమిషన్‌కూ తెలుసు, కాబట్టి "బండి చెడింది" అన్న ఒక్క మాట మీద ఫిర్యాదు నిలబడదు. అమ్మేటప్పుడు చెప్పింది ఒకటి, చేతికిచ్చింది ఇంకొకటి అని చూపించగలిగితేనే నిలబడుతుంది.

అపోహ: సెకండ్ హ్యాండ్ వస్తువుకు వినియోగదారుల చట్టం వర్తించదు

వర్తిస్తుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో వినియోగదారుడంటే డబ్బిచ్చి వస్తువు కొన్న వ్యక్తి. ఆ వస్తువు కొత్తదే అయి ఉండాలని ఎక్కడా లేదు. లోపం అంటే ఏమిటో సెక్షన్ 2(10) చెబుతుంది: చట్టం ప్రకారమో, ఒప్పందం ప్రకారమో, అమ్మినవాడు చెప్పుకున్నదాని ప్రకారమో ఉండాల్సిన నాణ్యత లేకపోవడం. మనకు పనికొచ్చేది ఆ మూడో ముక్క. లక్షా నలభై వేల కిలోమీటర్లు తిరిగిన బండిని అంతే తిరిగిందని చెప్పి అమ్మితే, క్లచ్ ప్లేటు అరిగిందని కేసు వేయలేం. అదే బండిని 52 వేలని చెప్పి అంటగడితే, ఆ అరిగిన క్లచ్ ప్లేటే సాక్ష్యం.

రెండు మినహాయింపులున్నాయి. పక్కింటాయన తన సొంత కారు ఒకసారి అమ్మితే ఆయన వ్యాపారి కాడు, ఆ తగాదా సివిల్ కోర్టుది. కంపెనీ పేరు మీద వ్యాపార అవసరానికి కొన్నా కమిషన్‌లో చిక్కే. బతుకుదెరువుకు సొంతంగా నడుపుకునే ట్యాక్సీ అయితే మాత్రం ఆ యజమాని వినియోగదారుడే.

అపోహ: "యాజ్ ఈజ్ వేర్ ఈజ్" (ఎలా ఉన్నది అలాగే) అన్న కాగితం మీద సంతకం పెట్టాక చేసేదేమీ లేదు

డెలివరీ నోట్ కింద "బండి చూసుకుని, నడుపుకుని, తృప్తి చెంది తీసుకున్నాను" అన్న వాక్యం దాదాపు ప్రతి కన్సల్టెన్సీలోనూ అచ్చేసి ఉంటుంది. దానికి విలువే లేదనడం తప్పు, దానితో అంతా అయిపోయిందనడమూ తప్పే. 1930 సరుకుల విక్రయ చట్టం సెక్షన్ 16 కూడా, కొనేవాడు పరిశీలించాక ఆ పరిశీలనలో తేలాల్సిన లోపాలకు అమ్మినవాడిని పట్టుకోలేమనే అంటుంది. అరిగిన టైర్లు, గీతలు, ఏసీ చల్లదనం ఈ కోవలోవి. టెస్ట్ డ్రైవ్‌లో కనబడనివి వేరు: మీటర్ తిప్పడం (తిరిగిన కిలోమీటర్లు తగ్గించి చూపించడం), కోసి వెల్డింగ్ చేసిన ఛాసిస్, హెడ్ గాస్కెట్ (ఇంజిన్ హెడ్ కింది సీలు) పోయిన సంగతి బయటపడకుండా రేడియేటర్‌లో పోసిన, లీకు తాత్కాలికంగా ఆపే స్టాప్ లీక్ మందు. తెలిసి దాచడం కాంట్రాక్టు చట్టంలో మోసం కిందికి వస్తుంది, మోసం మీద ఫిర్యాదుకు ఆ అచ్చు వాక్యం అడ్డుకాదు.

అపోహ: మీటర్ తిప్పారని రుజువు చేయడం అసాధ్యం

ఇన్ని వాటిలో తేలిగ్గా రుజువయ్యేది ఇదే. డాష్‌బోర్డు మీద అంకె మార్చినంత సులువుగా బండి చరిత్రంతా మార్చలేరు. ఆ కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్లో రిజిస్ట్రేషన్ నంబరు, ఛాసిస్ నంబరు ఇచ్చి సర్వీస్ హిస్టరీ ప్రింట్ అడగండి. ఆర్‌సీ మీ పేరు మీదికి మారి ఉంటే ఇవ్వడానికి సాధారణంగా అభ్యంతరం చెప్పరు. మూడేళ్ల కిందట సర్వీసుకు వచ్చినప్పుడు 88,410 అని రాసి, ఇవాళ మీటర్ 61 వేలు చూపిస్తుంటే ఇంక వాదనే అక్కర్లేదు. పాత ఇన్సూరెన్స్ తనిఖీ ఫొటోల్లోనూ మీటర్ కనబడుతుంది. చాలా కార్లలో ఇంజిన్ ఈసీయూతో (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్‌తో) పాటు ఇతర మాడ్యూళ్లలోనూ కిలోమీటర్లు నమోదవుతాయి. స్కానర్‌తో అవి చదివించి, డాష్‌బోర్డు అంకె కూడా ఒకే ఫ్రేములో పడేలా ఫొటో తీయించండి.

స్కానర్‌లో ఇంకో వరుసను ఎవరూ పట్టించుకోరు: కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్లు చెరిపాక తిరిగిన దూరం. చెక్ ఇంజిన్ లైటు వెలుగుతున్న బండిని అమ్మే ముందు కోడ్లు చెరిపేస్తే లైటు ఆరిపోతుంది. లోపం మళ్లీ నమోదయ్యేదాకా ఆరే ఉంటుంది. డెలివరీ తీసుకున్న మర్నాడు స్కాన్ చేస్తే "38 కి.మీ." అని, రెడీనెస్ మానిటర్లు (బండి తనను తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయో లేదో చూపే వరుసలు) "నాట్ రెడీ" అని కనబడితే, అమ్మకానికి కాస్త ముందే ఎవరో చెరిపారన్నమాట. బ్యాటరీ తీసి పెట్టినా చాలా బండ్లలో ఇలాగే చూపిస్తుంది. డీలర్ ఆ మాటే అంటాడు కాబట్టి దీన్నొక్కదాన్నే నమ్ముకోకూడదు, మిగతావాటికి తోడుగా పెట్టుకోవాలి.

యాక్సిడెంట్ సంగతికి పాత పాలసీ కాగితం చూడండి. నాలుగేళ్ల బండికి, అదీ సింగిల్ ఓనర్ బండికి, నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) సున్నా అని ఉంటే మొన్నటి ఏడాది క్లెయిమ్ తీసుకుని ఉండొచ్చు. క్లెయిమ్ లేకుంటే అది 20 శాతంతో మొదలై 50 దాకా పెరుగుతుంది. పాలసీ మధ్యలో తెగినా సున్నా అవుతుంది. కనుక అది అనుమానానికి ఆధారమే, రుజువు కాదు.

అపోహ: వరదలో మునిగిన కార్లన్నీ తుక్కుకే పోతాయి

పోవు. రిపేరు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే బీమా కంపెనీ టోటల్ లాస్‌గా (పూర్తి నష్టంగా) తేలుస్తుంది, తర్వాత ఆ బండి సాల్వేజ్‌గా, అంటే పాడైనది పాడైనట్టే, అమ్ముడవుతుంది. శుభ్రం చేసి మళ్లీ రోడ్డెక్కించేవాళ్లు ఉన్నారు. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్, 2023 డిసెంబర్‌లో చెన్నై, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ మునిగాయి. ఆ తర్వాత చేతులు మారిన బండ్లయితే సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి, నీటి గీత అక్కడ మిగిలిపోతుంది. సీటు పట్టాల కింది బోల్టులకు తుప్పు, స్టెప్నీ గుంటలో ఒండ్రు, కార్పెట్ కింద కనెక్టర్లలో పచ్చటి చిలుము వెతకండి. కార్పెట్ కొత్తది వేసినా దాని కింది నురుగు పొర చాలాసార్లు పాతదే ఉంటుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే తెలిసిపోతుంది.

అపోహ: ముందు రిపేర్ చేయించుకుని ఆ బిల్లు డీలర్‌కి పంపితే సరిపోతుంది

మంచి కేసులు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. భాగం మార్చేశాక లోపం అమ్మినప్పుడే ఉందా, మీ చేతిలో వచ్చిందా అని చూడటానికి ఏమీ మిగలదు. "మీ మెకానిక్కే పాడుచేశాడు" అని డీలర్ ఒక్క ముక్క అంటే చాలు.

లోపం కనబడిన రోజే బండి ఆపండి. మీటర్ రీడింగ్, వార్నింగ్ లైట్లు, శబ్దం, పొగ, ఆయిల్ మూత లోపలి భాగం వీడియో తీయండి. ఆ మూత కింద కాఫీ రంగు జిగురు కనబడితే ఇంజిన్ ఆయిల్‌లో కూలెంట్ కలుస్తూ ఉండొచ్చు. అలాంటి బండిని "ఇంటిదాకా వెళ్దాం" అని నడిపితే బేరింగులు పోతాయి, ఆ నష్టం మీ ఖాతాలో పడుతుంది. టోయింగ్ చేయించి, రసీదు దాచండి.

తర్వాత అధీకృత సర్వీస్ సెంటర్లో తనిఖీ మాత్రమే చేయమని చెప్పి జాబ్ కార్డు తెరిపించండి. అందులో తేదీ, కిలోమీటర్లు, మీరు చెప్పిన ఫిర్యాదు, వాళ్లు కనుక్కున్నది, అంచనా ఖర్చు విడివిడిగా ఉండాలి. "ఇంజిన్ జనరల్ చెకప్" అని రాసి పంపే అలవాటు చాలాచోట్ల ఉంది, అది ఒప్పుకోవద్దు. "2వ సిలిండర్ కంప్రెషన్ తక్కువ" అన్నంత స్పష్టంగా రాయించండి.

ఆ నివేదికతో డీలర్‌కి రాతపూర్వకంగా తెలపండి: ఏ తేదీన ఎంతకు కొన్నారు, ఏం చెప్పి అమ్మారు, ఏం తేలింది, మీరేం కోరుతున్నారు. ఫలానా రోజు, ఫలానా గంటకు, ఫలానా చోట విప్పుతున్నాం, వచ్చి చూసుకోండి అని కనీసం వారం గడువివ్వండి. వచ్చినా మంచిదే, రాకపోయినా మంచిదే. రాకపోతే ఆ నోటీసే మీ తరఫున మాట్లాడుతుంది. స్పీడ్ పోస్టులో పంపి, చేరినట్టు రుజువు తీసుకోండి (రిజిస్టర్డ్ పోస్టు 2025లో అందులోనే కలిసిపోయింది). అదే కాపీ వాట్సాప్‌లోనూ, మెయిల్‌లోనూ పంపండి. విప్పాక తీసిన భాగాలు పారేయనివ్వకండి, సంచిలో వేసి తేదీ చీటీ కట్టి ఇంట్లో పెట్టుకోండి.

లోపం విప్పి పరీక్షిస్తే తప్ప తేలదనుకుంటే కమిషనే ల్యాబ్‌కు పంపగలదు. ఆ ఫీజు ముందు మీరే కట్టాలి. అంతవరకూ బండి అదే స్థితిలో ఉండాలి. ఇంకో సంగతి, డబ్బు వాపసు అడుగుతూనే మరో ఎనిమిది వేల కిలోమీటర్లు తిప్పితే, తీసుకుని ఒప్పుకున్నట్టే లెక్క వేసి నష్టపరిహారంతో సరిపెట్టే అవకాశం పెరుగుతుంది.

అపోహ: బిల్లు లేకపోతే కేసు లేదు, బిల్లు కావాలంటే మొత్తం ధర మీద 18 శాతం జీఎస్టీ కట్టాలి

బిల్లు ఇవ్వకపోవడమే 2019 చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతి. యూపీఐ, బ్యాంకు లావాదేవీ, టోకెన్ రసీదు, వాట్సాప్ సంభాషణ, ప్రకటన స్క్రీన్‌షాట్ కలిపితే అమ్మకం రుజువవుతుంది. ప్రకటనను మాత్రం గొడవ మొదలయ్యేలోపే దాచుకోవాలి, తర్వాత అది మాయమవుతుంది. చాట్‌లు ప్రింట్ తీసి పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయండి, ఫోన్ మార్చినా పాతది అమ్మకండి.

పన్ను లెక్క వేరు. 2025 జనవరి నుంచి పాత కార్లన్నిటికీ రేటు 18 శాతమే, కానీ కొన్నప్పుడు ఇన్‌పుట్ క్రెడిట్ (అప్పటికే కట్టిన పన్నుకు మినహాయింపు) తీసుకోని డీలర్‌కు అది మార్జిన్ మీదే పడుతుంది. 4 లక్షలకు కొని 4.60 లక్షలకు అమ్మితే పన్ను 60 వేల మీద, అంటే 10,800. "బిల్లు వేస్తే 82,800 అవుతుంది" అంటే మీ చేత బిల్లు వద్దనిపించడానికే.

అపోహ: ఆర్‌సీ డీలర్ పేరు మీద లేదు కాబట్టి అతనికి బాధ్యత లేదు

"నేను మధ్యలోవాణ్ని, పాత ఓనర్‌ని అడుక్కోండి" అన్నది పాత పాట. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం పాత వాహనాల డీలర్‌కు రిజిస్టరింగ్ అథారిటీ నుంచి ఫారం 29బీలో అధికార పత్రం ఉండాలి. ఓనర్ బండిని అప్పగించినట్టు ఫారం 29సీ నమోదైతే డీలర్‌నే యజమానిగా భావిస్తారు. ఆ అధికార పత్రం లేని కన్సల్టెన్సీలు ఇప్పటికీ ఉన్నాయి. అప్పుడు డబ్బు ఎవరి ఖాతాలో పడిందన్నదే తేల్చుతుంది. ఫిర్యాదులో షాపు బోర్డు పేరు కాకుండా జీఎస్టీ నంబరు మీదున్న పేరు, యజమాని పేరు రాయండి. బోర్డు పేరు మీద ఉత్తర్వు తెచ్చుకుంటే, రేపు బోర్డు మార్చేస్తారు.

ఆన్‌లైన్ కంపెనీ అయితే "కోర్టు గురుగ్రామ్‌లోనే" అన్న షరతు చూపిస్తుంది. మీరుండే జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చని 2019 చట్టం స్పష్టంగా చెప్పింది. ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలన్న) షరతు కూడా కమిషన్‌కు వెళ్లకుండా ఆపలేదు.

అపోహ: పోలీసు కేసు పెడితే డబ్బు దానంతటదే వస్తుంది

మోసానికి భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) సెక్షన్ 318 ఉంది. దొంగ బండి, ఫోర్జరీ ఎన్‌వోసీ, తిప్పిన మీటర్ లాంటివైతే ఫిర్యాదు ఇవ్వాల్సిందే. గేర్‌బాక్స్ పోయిందని వెళ్తే మాత్రం సివిల్ తగాదా అని పంపేస్తారు.

అపోహ: డీలర్ తేల్చేదాకా ఈఎంఐ ఆపేయొచ్చు

వద్దు. అప్పు బ్యాంకుతో వేరే ఒప్పందం. సిబిల్ పాడవడమే కాదు, బ్యాంకు బండి పట్టుకెళ్తే మీ ప్రధాన సాక్ష్యమే పోతుంది.

అపోహ: లాయర్ లేకుండా కుదరదు, కుదిరినా మూడు నెలల్లో కొత్త కారంత డబ్బొస్తుంది

మీరే వాదించుకోవచ్చు. చెల్లించిన ధర 50 లక్షల దాకా జిల్లా కమిషనే వింటుంది. 5 లక్షల దాకా ఫీజు లేదు, 10 లక్షల దాకా 200, 20 లక్షల దాకా 400 రూపాయలు. వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే దాఖలు చేయొచ్చు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే కొన్ని పెద్ద కంపెనీలు అక్కడే దిగొస్తాయి, వీధి చివర కన్సల్టెన్సీ సాధారణంగా దిగదు. హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు ఉందని, కమిషన్‌లో కేసు వేయడానికి ఉన్న రెండేళ్ల గడువు ఆగదు, అది నడుస్తూనే ఉంటుంది.

కేసు తేల్చడానికి చట్టం మూడు నెలలు, పరీక్ష అవసరమైతే అయిదు నెలలు అంటుంది. ఆచరణలో ఏడాది దాటడం మామూలే. పూర్తి ధర వాపసు మీటర్, వరద, ఛాసిస్ లాంటి మూలం చెడ్డ కేసుల్లో అడగండి. మిగతావాటికి రిపేరు ఖర్చు, టోయింగ్, ధర తేడా అంకెలతో అడిగితే వచ్చే అవకాశం ఎక్కువ. మానసిక వేదనకు పది లక్షలని రాస్తే అసలు క్లెయిమ్ బరువు తగ్గిపోతుంది.

మధ్యలో డీలర్ రాజీకి వస్తే బండి తాళాలు చివర ఇవ్వండి. పోస్ట్ డేటెడ్ చెక్కు తీసుకుంటే అది దాని మీది తేదీ నుంచి మూడు నెలలే చెల్లుతుంది. బౌన్స్ అయితే బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. కమిషన్ ఉత్తర్వు వచ్చాక కట్టకపోతే 2019 చట్టం సెక్షన్ 71 కింద అమలు పిటిషన్, సెక్షన్ 72 కింద జైలు శిక్షకు దరఖాస్తు వేయొచ్చు. డీలర్ రాష్ట్ర కమిషన్‌కు అప్పీలుకు వెళ్లాలంటే 45 రోజుల్లో వెళ్లాలి, కట్టమన్న మొత్తంలో సగం ముందే జమ చేయాలి. చాలామంది బేరానికి వచ్చేది ఆ సగం చూసే.