అంకెల అటకమీద దొరికిన బఠాణీలు

2007 జులైలో గెలాక్సీ జూ ప్రాజెక్టు మొదలైంది. దాదాపు 9 లక్షల గెలాక్సీల ఫొటోలను మామూలు జనం ముందు పెట్టి, ఇది సుడి తిరిగి ఉందా, నున్నగా గుండ్రంగా ఉందా చెప్పమన్నారు. ఆ ఫొటోలు అంతకుముందే, ఆకాశాన్ని ఫొటోలు తీసి నమోదు చేసే స్లోన్ డిజిటల్ స్కై సర్వే తీసినవి. న్యూ మెక్సికోలోని అపాచీ పాయింట్‌లో 2.5 మీటర్ల టెలిస్కోపుతో తీసి, ఎవరైనా చూసుకునేలా తెరిచి ఉంచింది.

చూస్తున్నవాళ్లకు మధ్యమధ్యలో చిన్నచిన్న ఆకుపచ్చ చుక్కలు తగిలాయి. గెలాక్సీలు నీలంగానో, పసుపుగానో, ఎర్రగానో ఉంటాయి గానీ ఆకుపచ్చగా ఉండవు. పచ్చి బఠాణీలని పేరు పెట్టి ఏరడం మొదలుపెట్టారు. శాస్త్రవేత్తలు అదే సర్వేలో గాలించి 251 తేల్చారు. 2009లో పరిశోధన పత్రం వచ్చింది.

ఆ రంగు ఎక్కడిదన్నది చాలా అందమైన కథ. కొత్తగా పుట్టిన భారీ నక్షత్రాల అతినీలలోహిత కాంతి, చుట్టూ ఉన్న వాయువులోని ఆక్సిజన్ పరమాణువుల నుంచి రెండేసి ఎలక్ట్రాన్లను ఊడగొడుతుంది. అలాంటి ఆక్సిజన్ సుమారు 501 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర గట్టిగా వెలుగుతుంది. అది నిజంగా ఆకుపచ్చే. కానీ విశ్వం వ్యాకోచిస్తుండటంతో, వందల కోట్ల ఏళ్లు ప్రయాణించి మనల్ని చేరేసరికి ఆ తరంగం సాగి ఎరుపు వైపు జారిపోతుంది. ఇక సర్వే ఫొటోల్లో ఎరుపు ఫిల్టరుకు పట్టుబడిన కాంతిని ఆకుపచ్చగా చూపిస్తారు, ఎందుకంటే ఎరుపు రంగును పరారుణానికి దగ్గరి ఫిల్టరుకు ఇచ్చేశారు. ఆకుపచ్చ ఎరుపై, మళ్లీ ఆకుపచ్చైంది! అందుకే ఫొటోతో ఆగకుండా, కాంతిని తరంగదైర్ఘ్యాల వారీగా విడదీసి చూపే వర్ణపటం తెరవాలి.

తెరిస్తే తెలిసింది: ఇవి పాలపుంతలో నూరో వంతు ద్రవ్యరాశి ఉన్న బుల్లి గెలాక్సీలు. నక్షత్రాలను మాత్రం పాలపుంతకు పది రెట్ల వేగంతో కంటున్నాయి.

నన్ను కదిలించేదేమిటంటే, ఈ అంకెలన్నీ అప్పటికే అక్కడ ఉన్నాయి. అడిగినవాళ్లే లేరు. ఇవాళ ఆ సర్వే వెబ్‌సైటు స్కైసర్వర్‌లో ఆకాశంలోని ఒక చోటిని సూచించే రెండు అంకెలు కొడితే చాలు, ఆ గెలాక్సీ ఫొటో వస్తుంది, ఉంటే వర్ణపటమూ వస్తుంది. రుసుము లేదు. డేటాబేసును ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్ కాస్త వస్తే మీ ప్రశ్న మీరే రాసుకోవచ్చు. డిగ్రీ విద్యార్థులు తప్పక ప్రయత్నించాలి.

2022 జులైలో జేమ్స్ వెబ్ టెలిస్కోపు తొలి పరిశీలనల డేటాను కూడా ఇలాగే అందరికీ విడుదల చేశారు. అందులో, 1300 కోట్ల ఏళ్ల కిందటి మూడు మసక గెలాక్సీల వర్ణపటాలు ఈ బఠాణీల వర్ణపటాలను పోలి ఉన్నాయి. వాటిలో ఒకదాంట్లో ఆక్సిజన్, మన పాలపుంతలాంటి గెలాక్సీలో ఉండేదాంట్లో సుమారు 2 శాతమే.