నంబరు పాతదే, సిమ్ కొత్తది

చి. హాసిని, చి. చెర్రీలకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో చెర్రీ అడిగిన ప్రశ్న పడుకున్నాక కూడా నన్ను వదల్లేదు. "నాన్న పాత కంపెనీ సిమ్ తీసేసి కొత్త కంపెనీ సిమ్ వేసుకున్నాడు. నంబరు మాత్రం పాతదే. మరి నువ్వు ఫోన్ చేస్తే అది పాత కంపెనీకే కదా పోవాలి?" భలే పట్టుకున్నావురా! రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని కాగితం తీశాను.

ముందు నా పాత ఉద్యోగం గురించి చెప్పాలి. నేను దూరపు ఊళ్ళకు ఫోన్లు చేత్తో కలిపే ట్రంక్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటర్‌ని. ఎదురుగా పెద్ద బోర్డు, దాని నిండా చిల్లులు, చిన్న చిన్న దీపాలు, వాడి వాడి నలిగిన వైర్లు, చెవులకు హెడ్‌సెట్. ఒకాయన మద్రాసు నంబరు బుక్ చేస్తాడు. టికెట్ మీద రాసుకుంటాను. మద్రాసు లైను ఖాళీ అయ్యేసరికి ఒక్కోసారి రెండు గంటలు పట్టేది. ఖాళీ కాగానే ప్లగ్ దూర్చి, అక్కడి ఆపరేటర్‌ని పిలిచి నంబరు చెబుతాను. ఆవిడ కాసేపు ప్రయత్నించి "ఎంగేజ్డ్" అనేస్తుంది. అంతే! జనం మాట్లాడుకోడానికి ఉన్న కాస్త లైనునీ, అవతలి ఫోను ఖాళీగా ఉందో లేదో అడగడానికే తగలేశామన్నమాట. ఇటు చూస్తే అర్జెంట్ కాల్ బుక్ చేసినవాళ్ళు కౌంటర్ దగ్గర నిలబడి నన్ను తిడుతుంటారు.

మనుషుల చోట మెషీన్లు వచ్చినా ఈ జబ్బు వెంటనే పోలేదు. అమెరికాలో దూరప్రాంతాల లైన్ల మీద 2600 హెర్ట్జ్ కూత వినిపిస్తే ఆ లైను ఖాళీ అని మెషీన్లకు గుర్తు. మాటలూ గుర్తులూ ఒకే తీగ మీద పోయేవి. అక్కడ క్యాప్‌న్ క్రంచ్ అనే, పొద్దున్నే పాలలో వేసుకుని తినే తిండి డబ్బాలో పిల్లలకు ఉచితంగా ఒక ప్లాస్టిక్ ఈల ఇచ్చేవారు. అది సరిగ్గా ఆ కూతే కూస్తుందని కొందరు కుర్రాళ్ళు కనిపెట్టారు. ఫోన్లో ఈల ఊదితే పాపం మెషీను లైను ఖాళీ అయిందనుకునేది. ఆ తర్వాత ఇంకొన్ని శబ్దాలు వినిపించి, బిల్లు పడకుండా కావలసిన ఊరికి మాట్లాడుకునేవారు. చెర్రీ, నువ్వు ఈల వెతుక్కోకు. ఆ దారి ఎప్పుడో మూసేశారు.

ఎలా మూశారంటే, మాటలకు ఒక దారి, మెషీన్లు ఒకదానికొకటి పంపుకునే గుర్తులకు, అంటే కబురుకు, వేరే దారి వేశారు. అమెరికా ఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ 1976లో ఇది మొదలుపెట్టింది. 1980లో ప్రపంచమంతటికీ కలిపి ఒక పద్ధతి ఖాయం చేశారు. దాని పేరు ఎస్ఎస్ 7. ఇప్పుడు ముందు కబురు వెళ్తుంది: "ఫలానా నంబరుకు ఫోను, తీసుకుంటారా?" అవతల ఎంగేజ్ అయితే ఆ జవాబు కూడా కబురు దారిలోనే వచ్చేస్తుంది. మాటల దారిని ఊరికే పట్టుకుని కూర్చోవాల్సిన పని లేదు.

ఇక మీ నాన్న నంబరు. ఒకప్పుడు 9440 అని కనిపిస్తే మనవైపు బీఎస్ఎన్ఎల్ అని కళ్ళు మూసుకుని చెప్పేవాళ్ళం. 2011 జనవరి 20న దేశమంతటా నంబరు మారకుండా కంపెనీ మారే వీలు వచ్చింది. 2015 జులై నుంచి వేరే రాష్ట్రానికి వెళ్ళి అక్కడి కంపెనీలో చేరినా పాత నంబరే ఉంచుకోవచ్చు. దాంతో నంబరు చూసి కంపెనీని చెప్పడం కుదరదు. ఎవరినైనా అడగాల్సిందే.

కంపెనీ మారతానని నాన్న 1900కి మెసేజ్ పెడితే 8 అక్షరాల కోడ్ వచ్చింది కదా! అక్కడి నుంచి పని రెండు ఏజెన్సీలది. దేశాన్ని రెండు జోన్లు చేసి, జోనుకొకటి చొప్పున పెట్టారు. అవి ఏ నంబరు ఇప్పుడు ఏ కంపెనీలో ఉందో పెద్ద చిట్టా రాస్తాయి. నాన్న ఫోన్లో సిగ్నల్ గీతలు మాయమై నువ్వు కంగారుపడ్డావే, ఆ కాసేపట్లోనే పాత కంపెనీ వదిలేసింది, కొత్త కంపెనీ అందుకుంది, మారిందన్న కబురు కంపెనీలన్నిటికీ వెళ్ళింది. అవన్నీ తమ దగ్గరున్న చిట్టా నకలు దిద్దుకున్నాయి. నేను ఫోన్ చేయగానే నా కంపెనీ తన నకలు చూసుకుని తిన్నగా కొత్త కంపెనీకే పంపుతుంది. ఆ చూసుకునే బాధ్యత మన దేశంలో ఫోన్ చేసినవాడి కంపెనీదే. పాత కంపెనీని పలకరించే పనే ఉండదు.

నకలు దిద్దుకోకపోతే? నా స్నేహితుడికి అదే జరిగింది. కంపెనీ మారిన వారం దాకా కొందరి ఫోన్లు వచ్చేవి, ఒక కంపెనీవాళ్ళ ఫోన్లు మాత్రం వచ్చేవి కావు. వాడు కావాలనే ఫోన్ ఎత్తడం లేదని వాడి వియ్యంకుడి ఇంట్లో పెద్ద రభస! టీవీ ప్రకటనల్లో ఒకదాన్నొకటి తిట్టుకునే కంపెనీలు ఒకే చిట్టాను నమ్మి పనిచేయడం నాకైతే ఇప్పటికీ వింతే.

ఈ నమ్మకంలోనే చిక్కూ ఉంది. మీ బాబాయి దుబాయిలో దిగి ఫోన్ ఆన్ చేయగానే అక్కడి కంపెనీ మన కంపెనీకి "మీ కస్టమర్ ఇక్కడున్నాడు" అని కబురు పంపుతుంది. ఆ తర్వాత బాబాయికి వచ్చే మెసేజీలు అటే పోతాయి. ఎస్ఎస్ 7 పుట్టినప్పుడు ఆ దారిలో ఉన్నవి ఒకరికొకరు తెలిసిన కొద్ది కంపెనీలే. అందుకని కబురు నిజమా కాదా అని తరచి చూసే అలవాటు పెట్టలేదు. 2017లో జర్మనీలో దొంగలు ఇలాంటి దొంగ కబుర్లే పంపి, బ్యాంకు ఓటీపీలను తమవైపు తిప్పుకుని ఖాతాలు ఖాళీ చేశారు. ఇప్పుడు చాలా కంపెనీలు వచ్చే కబుర్లను గేటు దగ్గరే ఆపి పరీక్షిస్తున్నాయి.

హాసినీ, వాట్సాప్ కాల్ కూడా ఈ చిట్టా చూసే వెళ్తుందా అని అడిగావు. వెళ్ళదు, దానిది ఇంటర్నెట్ దారి. అది ఇంకో ఉత్తరం. మీ బామ్మ కాఫీ చల్లారిపోతోందని రెండోసారి పిలిచింది.

ఆశీస్సులతో,
తాతయ్య