బొంబాయి ట్రాములను గురించి పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులైన మనుమలకు, మనుమరాళ్ళకు తాతయ్య ఆశీర్వదించి వ్రాయు ఉత్తరం.

ఇక్కడ అందరమూ క్షేమం. బడిలో ఇచ్చిన పని కోసం బొంబాయి పాత ఫోటో ఒకటి సంపాదించి, అందులో రోడ్డు నడిమధ్య రైలు పట్టాలు ఎందుకు ఉన్నాయో, వాటి మీద ఉన్న బండి ఏమిటో, ఇప్పుడు అది ఎందుకు లేదో చెప్పమని అడిగారు. ఫోనులో చెబితే సగం గాలికి పోతుంది కాబట్టి తీరికగా రాసి పంపుతున్నాను. ఆ బండి పేరు ట్రాము. ఈ నగరంలో అది 1874 నుంచి 1964 దాకా, అంటే దాదాపు తొంభై ఏళ్ళు నడిచి, నాకు పదహారేళ్ళ వయసులో ఆగిపోయింది. పాతబడింది, నిదానంగా పోయేది, అందుకే బస్సు వచ్చి దాన్ని తప్పించింది అని చాలామంది ఒక్క మాటలో తేల్చేస్తారు. అందులో నిజం లేకపోలేదు గాని, రోడ్డు ఎవరి వాడకానికి అన్న తగవు దాని వెనుక ఉందన్నది నా అభిప్రాయం. అది మీకు అర్థం కావాలంటే మొదటినుంచీ చెప్పుకురావాలి.

మొదట్లో ట్రాములను గుర్రాలు లాగేవి. 1873లో ఏర్పడిన బాంబే ట్రామ్‌వే కంపెనీ, 1874 మే 9న రెండు దారులలో బండ్లు నడపడం మొదలుపెట్టింది. ఒకటి కొలాబా నుంచి క్రాఫర్డ్ మార్కెట్టు మీదుగా పైధోనీకి, రెండవది బోరీ బందరు నుంచి కాల్బాదేవి మీదుగా అదే పైధోనీకి. కంపెనీ శాలల్లో తొలినాళ్ళలోనే సుమారు 900 గుర్రాలు ఉండేవని చెబుతారు. కొలాబా నుంచి పైధోనీకి మూడణాలు తీసుకునేవారు. టికెట్టు ఇచ్చే పద్ధతి లేదు. కొంతకాలానికి రేటు రెండణాలకు దించారు, టికెట్లు కూడా ఆ తరువాతే వచ్చాయి. ఇనుప పట్టా మీద ఇనుప చక్రం దొర్లేటప్పుడు రాపిడి చాలా తక్కువగా ఉంటుంది కనుక, గతుకుల రోడ్డు మీద ఒక గుర్రం లాగగలిగిన దానికి ఎన్నో రెట్ల బరువును అదే గుర్రం పట్టాల మీద లాగగలదు. ట్రాము చవకగా నడవడానికి మూలమైన సూత్రం ఇదే; గుర్రాలు పోయి కరెంటు వచ్చిన తరువాత కూడా ఇది మారలేదు.

1905లో బాంబే ఎలక్ట్రిక్ సప్లై అండ్ ట్రామ్‌వేస్ కంపెనీ, అంటే ఈ ఊరివాళ్ళందరూ ఇప్పటికీ బెస్ట్ అని పిలిచే సంస్థకు పూర్వరూపం, పాత కంపెనీని తీసుకుని గుర్రపు ట్రాములను ఆపేసింది. 1907 మే 7న మొదటి ఎలక్ట్రిక్ ట్రాము కదిలింది. రోడ్డు పొడవునా పైన ఒక తీగ ఉంటుంది. ట్రాము నెత్తి మీద స్ప్రింగుతో ఎగదన్నే పొడవాటి కడ్డీ ఒకటి ఆ తీగను ఒరుసుకుంటూ కరెంటు తీసుకుంటుంది. ఆ కరెంటు మోటారులోకి పోయి, చక్రాల గుండా పట్టాల్లోకి దిగి వెనక్కి చేరుతుంది. డ్రైవరు ముందు నిలబడి చేత్తో పిడి తిప్పుతూ వేగం పెంచేవాడు, కాలి మడమతో గంట మోగించేవాడు. మలుపుల్లో ఒక్కోసారి ఆ కడ్డీ తీగను వదిలేసి పైకి లేచేది. నీలిరంగు మెరుపు ఒకటి చిమ్మి, దీపాలన్నీ ఆరి, బండి ఉన్నచోటే ఆగేది. కండక్టరు విసుక్కుంటూ దిగి, వెనుక వేలాడే తాడు పట్టుకుని, తల పైకెత్తి, కడ్డీ కొనను మళ్ళీ ఆ సన్నని తీగకు తగిలించేవాడు. వానాకాలపు చీకట్లో అది ఒక పట్టాన కుదిరేది కాదు. లోపలున్న పెద్దలు గొణిగేవారు గాని, మా పిల్లలకు అంతకు మించిన వినోదం లేదు.

మీ ఫోటో ఏ కాలానిదో కూడా దీన్నిబట్టి మీరే కనిపెట్టవచ్చు. పైన తీగ ఉంటే అది 1907 తరువాతిది. బండి రెండు అంతస్తులదైతే 1920 సెప్టెంబరు తరువాతిది, ఎందుకంటే జనం పట్టక రెండు అంతస్తుల ట్రాములను అప్పుడే ప్రవేశపెట్టారు.

ఇక ట్రాము ఎవరిదంటే, నిస్సందేహంగా బీదవాళ్ళది. మనవాళ్ళు ఈ నగరానికి రావడం ఈనాటి మాట కాదు. తెలంగాణ పల్లెల నుంచి వచ్చి ఇక్కడి ఇళ్ళూ రోడ్లూ కట్టిన కామాఠీల పేరు మీదనే కామాఠీపుర వెలిసింది. ఆ తరువాత మగ్గాలు సాగక కరీంనగర్ వైపు నుంచీ మరికొన్ని జిల్లాల నుంచీ పద్మశాలీలు వచ్చి బట్టల మిల్లుల్లో చేరారు. మా నాయన లాల్‌బాగ్‌లో ఒక మిల్లులో పనిచేసేవాడు. మేము నాయిగావ్ చాళ్ళలో, అంటే ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం ఉండే పెద్ద ఇళ్ళలో, ఒక గదిలో ఉండేవాళ్ళం. దాదరు నుంచి పరేలు, లాల్‌బాగు, భాయ్‌ఖళాల మీదుగా దక్షిణానికి పోయే ట్రాము మిల్లుల మధ్యనుంచే వెళ్ళేది. నాయన పనికి నడిచే పోయేవాడు. ట్రాము ఖర్చు కూడా లెక్క చూసుకోవలసిన ఇల్లు మాది. కామాఠీపురలో ఉన్న మా మేనత్త ఇంటికి వెళ్ళాలంటే మాత్రం అందరం ట్రామే ఎక్కేవాళ్ళం. అమ్మ ఒళ్ళో పల్లీల మూట, కింద బియ్యపు సంచి, పక్కన మా తోపులాట. ఇవన్నీ ఉన్నా కండక్టరు కసురుకునేవాడు కాదు, ఎందుకంటే బండిలో ఉన్నవాళ్ళందరి సామానూ అలాంటిదే.

బస్సు ఈ ఊళ్ళోకి 1926 జూలై 15న వచ్చింది. అఫ్గాన్ చర్చి నుంచి క్రాఫర్డ్ మార్కెట్టుకు మొదటి బస్సు నడిచింది. ఆ ఏడాది చివరి వరకు సుమారు 6 లక్షల మంది, మరుసటి ఏడు సుమారు 38 లక్షల మంది ఎక్కారు. ఎదుగుదల బాగానే కనిపిస్తుంది గాని, ఎక్కినవాళ్ళు ఎవరన్నది చూడాలి. ససూన్ డాకు నుంచి దాదరు దాకా ట్రాములో అణాన్నర ఇస్తే సరిపోయేది. అదే దూరానికి బస్సులో నాలుగణాలు. (రూపాయికి పదహారు అణాలు, 1957లో నయా పైసలు వచ్చేదాకా మాకు అవే లెక్కలు.) అందుచేత చాలా ఏళ్ళు బస్సు కాస్త కలిగినవాళ్ళ బండిగానే చలామణి అయింది. 1937లో రెండు అంతస్తుల బస్సులు వచ్చాక గాని అది అందరి బండి అయ్యే దారి పట్టలేదు.

అలాంటి బస్సు ట్రామును ఎలా తోసేసింది? బలమైన కారణం ఊరు పెరగడం. ట్రాము పట్టాలు ఉత్తరాన దాదరు, కింగ్స్ సర్కిల్ దాకా వచ్చి ఆగిపోయాయి. ఊరు ఆగలేదు. 1950లో, మళ్ళీ 1957లో నగరపు హద్దులు ఉత్తరంగా జరిగి, శివారు ఊళ్ళు ఎన్నో అందులో కలిశాయి. ఒక కొత్త పేటకు ట్రాము కావాలంటే రోడ్డు తవ్వాలి, పట్టాలు పరచాలి, స్తంభాలు నాటి తీగ లాగాలి. బస్సుకు రోడ్డు ఉంటే చాలు; ఈ రోజు అనుకుని రేపు నడపవచ్చు, జనం లేకపోతే ఎల్లుండి దారి మార్చవచ్చు. ఈ ఒక్క విషయంలో బస్సుకు సాటి లేదని నేను ఒప్పుకుంటాను. శివార్లలో గుడిసెలు వేసుకున్న మనవాళ్ళకు రవాణా అందింది బస్సు వల్లనే గాని ట్రాము వల్ల కాదు.

రెండో కారణం దగ్గరే నాకు పేచీ ఉంది. పట్టాలు రోడ్డు మధ్యన ఉండేవి. ఎక్కాలన్నా దిగాలన్నా వచ్చేపోయే బండ్ల మధ్యనుంచి నడిచి వెళ్ళాలి; ముసలివాళ్ళకూ చంటిపిల్లల తల్లులకూ అది ప్రమాదమే. ఒక ట్రాము చెడిపోతే దాని వెనుక ఉన్నవన్నీ వరుసగా ఆగిపోయేవి, పక్కకు తప్పుకునే వీలు లేదు. ఇవి నిజమైన లోపాలు. కాని కార్లు పెరిగిన కొద్దీ పట్టాల మీదికి కూడా ఎక్కి నిలబడేవి. ట్రాము డ్రైవరు గంట కొట్టీ కొట్టీ అలసిపోయేవాడు. చివరకు దారికి అడ్డం వచ్చింది ట్రామే అన్న మాట స్థిరపడింది. కారులో ఒకరో ఇద్దరో ఉంటారు, రెండు అంతస్తుల ట్రాములో వందమందికి తక్కువ కాకుండా ఉంటారు. ఎవరు ఎవరికి అడ్డమో లెక్క వేయడం పెద్ద కష్టం కాదు, అయినా ఆ లెక్క వేసినవాళ్ళు తక్కువ. పైగా పట్టాలు, తీగలు, బండ్లు అన్నీ అరిగిపోయిన దశకు వచ్చాయి. అన్నింటినీ కొత్తవి వేయాలంటే పెద్ద మొత్తం కావాలి. ఆ మొత్తం రాబట్టేలా బీదవాళ్ళ టికెట్టు పెంచడం సాధ్యం కాదు. 1947 ఆగస్టు 7న మునిసిపాలిటీ కంపెనీని తీసుకుంది గనుక ట్రాములూ బస్సులూ ఒకే చేతిలో ఉన్నాయి, ఏది ఉంచాలో ఏది తీయాలో ఒకరే నిర్ణయించారు. రద్దీ ఎక్కువగా ఉన్న ఒకటి రెండు దారులలోనైనా పట్టాలకు విడిగా చోటు వదిలి ట్రామును ఉంచి ఉండవలసిందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

1953 నుంచి ఒక్కొక్క దారినీ మూస్తూ వచ్చారు. మధ్యలో ఇంకొక ప్రయోగం కూడా జరిగింది. 1962 జూన్ 11న గోవాలియా ట్యాంకు నుంచి మజ్‌గావ్ డాకుకు ట్రాలీబస్సులు వేశారు. వాటికి రబ్బరు చక్రాలు, పట్టాలు అక్కరలేదు, కరెంటు మాత్రం పై తీగల నుంచే. అటు ట్రామూ కాక ఇటు బస్సూ కాక నడిచిన ఆ బండి 1971లో ఆగిపోయింది. ఆఖరి ట్రాము 1964 మార్చి 31 రాత్రి పది గంటల ప్రాంతంలో బోరీ బందరు నుంచి దాదరుకు బయలుదేరింది. అది ఎక్కడానికి జనం విరగబడ్డారు. దారికి రెండు వైపులా జనం నిలబడి చూశారు. నేను మా నాయనతో లాల్‌బాగ్ దగ్గర నిలబడ్డాను. బండి కనిపించలేదనే చెప్పాలి, మెట్ల మీదా కిటికీలకూ వేలాడే మనుషులే కనిపించారు. మరునాటి నుంచి అదే దారిలో బస్సే దిక్కు. మా నాయన కొంతకాలం కొత్త టికెట్టు ధరను తిట్టుకుని, తరువాత అలవాటు పడ్డాడు.

ఇది ఈ ఒక్క ఊరి కథ కాదు. కాన్పూరులో 1933లో, మద్రాసులో 1953లో, ఢిల్లీలో 1963లో ట్రాములు ఆగిపోయాయి. కలకత్తా మాత్రమే చాలాకాలం నిలబెట్టుకుంది. మద్రాసు ట్రాములు ఆగిన ఏడాదే ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది కాబట్టి, అక్కడ చదువుకున్న పాతతరం తెలుగువాళ్ళకు ఆ ట్రాములు బాగానే తెలుసు. మీ హైదరాబాదుకు ఈ బాధ లేదు. అక్కడ ట్రాములు లేనేలేవు. 1932లో నిజాం రైల్వేవారు 27 బస్సులతో మొదలుపెట్టిన రోడ్డు రవాణాయే అక్కడి సిటీ బస్సులకు నాంది.

ట్రాములు పోయాక రోడ్లు ఖాళీ అయ్యాయా అని మీరు అడుగుతారు. కాలేదు. ఆ చోటును కార్లూ మోటారు సైకిళ్ళూ నింపాయి, ఇప్పుడు అదే రద్దీలో బస్సు ఇరుక్కుని, దారికి అడ్డం బస్సే అనిపించుకుంటున్నది. పట్టాలను చాలాచోట్ల పెకలించకుండా పైన తారు పోశారు. 2017లో ఫ్లోరా ఫౌంటెన్ దగ్గర తవ్వినప్పుడు కొన్ని బయటపడ్డాయి. ఇక్కడి పాత రెండంతస్తుల డీజిలు బస్సులు 2023 సెప్టెంబరులో ఆగిపోయాయి. అదే ఏడాది బ్యాటరీతో నడిచే రెండంతస్తుల బస్సులు రోడ్డెక్కాయి, మీ హైదరాబాదులో కూడా. తీగ లేదు, పట్టా లేదు, కరెంటు మాత్రం తిరిగి వచ్చింది.

సెలవులకు వచ్చినప్పుడు ఆణిక్ డిపోలో ఉన్న బెస్ట్ వారి మ్యూజియానికి తీసుకుపోతాను. ట్రాముల నమూనాలూ పాత టికెట్లూ అక్కడ ఉన్నాయి. మీ ప్రశ్నలు ఇంకా ఉంటే కాగితం మీద రాసి తెచ్చుకోండి. బస్సులోనే వెళదాం, కిటికీ సీటు కోసం కొట్లాడుకోకూడదు.

ఇట్లు,
మీ తాతయ్య