చలిలో పుట్టిన నైట్ షెల్టర్

మున్సిపాలిటీ నడిపే నిరాశ్రయుల వసతి గృహం అసలు పుట్టింది గృహనిర్మాణ పథకంలోంచి కాదు, తిండిగింజల కేసులోంచి. గోదాముల్లో ధాన్యం ముక్కిపోతుంటే జనం పస్తులుంటున్నారని 2001లో పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ కేసులో అమలు తీరు చూడటానికి కోర్టు కమిషనర్లను నియమించింది. 2009 డిసెంబరులో ఢిల్లీ పూసా రోడ్డు దగ్గరున్న తాత్కాలిక షెల్టర్‌ను అక్కడి కార్పొరేషన్ ఎత్తేసింది. చలికి జనం చనిపోతున్నారని కమిషనర్లు 2010 జనవరిలో కోర్టుకు లేఖ రాశారు. ఢిల్లీతో మొదలైన విచారణ దేశమంతటికీ పాకింది. 5 లక్షల జనాభా దాటిన నగరాల్లో లక్ష మందికి ఒక షెల్టర్ ఉండాలని, అది ఏడాది పొడవునా, రోజంతా తెరిచి ఉండాలని కోర్టు చెప్పింది.

అంతకుముందు 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో, ఫుట్‌పాత్ మీద బతికేవాడికి బతుకుతెరువు కూడా జీవించే హక్కులో భాగమేనని ఇదే కోర్టు అంది. నోటీసు ఇవ్వకుండా ఖాళీ చేయించకూడదంది కానీ, ఫుట్‌పాత్ మీద ఉండే హక్కు మాత్రం ఇవ్వలేదు.

కోర్టు ఆదేశం 2013లో జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్‌లో పథకంగా మారింది. తెలుగు రాష్ట్రాల్లో దీన్ని చూసింది పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా. ఆ పథకం ప్రకారం మనిషికి కనీసం 50 చదరపు అడుగుల చోటు ఉండాలి, లక్ష జనాభాకు 100 మందికి సరిపడా వసతి ఉండాలి. 2011 లెక్కల ప్రకారం విజయవాడ కార్పొరేషన్ జనాభా పది లక్షల పైచిలుకు కాబట్టి అక్కడ పది షెల్టర్లు రావాలి. హైదరాబాద్‌లో అరవైకి పైనే రావాలి, ఆ దరిదాపులకు కూడా ఎన్నడూ చేరలేదు.

చిక్కు సంఖ్యలోనే కాదు, డబ్బులోనూ ఉంది. 50 మంది ఉండే షెల్టర్ నిర్వహణకు మార్గదర్శకాలు ఏడాదికి 6 లక్షలు లెక్కగట్టాయి. అంటే నెలకు 50 వేలు, మనిషికి రోజుకు 33 రూపాయలు. ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉంచాలంటే మూడు షిఫ్టులకు ముగ్గురు కేర్‌టేకర్లు, పైన ఒక మేనేజరు కావాలి. వాళ్ల జీతాలు పోను కరెంటుకు, నీళ్లకు, దుప్పట్ల ఉతుకుకు ఏం మిగులుతుంది? అందుకే చాలాచోట్ల సిబ్బందిని కుదించి, పగలు తాళం వేసి, రాత్రి మాత్రమే తెరుస్తారు. ఢిల్లీ చలికైతే ఆ ఏర్పాటు ఎంతోకొంత సరిపోవచ్చు. మనకు ప్రాణం మీదికి వచ్చేది మే నెల మధ్యాహ్నం, ఆ పైన వానాకాలం. ఎండ దెబ్బ తగిలే వేళకు తలుపు మూసి ఉంటే ఆ షెల్టర్ ఎవరికోసం?

పడకలు ఖాళీగా ఉన్నాయంటే అవసరం లేదని అధికారులు అనుకుంటారు. నిజానికి జనం రాకపోవడానికి మామూలు కారణాలే ఉంటాయి. కూలీల అడ్డా పొద్దున్నే నిండుతుంది, షెల్టర్ రెండు బస్సుల దూరంలో ఉంటే ఆ రోజు పని పోయినట్టే. పెళ్లిళ్ల సీజన్‌లో క్యాటరింగ్ పని చేసేవాళ్లు ఫంక్షన్ హాలు కడిగి బయటపడేసరికి రాత్రి ఒంటిగంట దాటుతుంది, పదింటికే గేటు వేస్తే వాళ్లకు దారి లేదు. మూట, తాపీ, పలుగు దాచుకోవడానికి తాళమున్న పెట్టె ఉండదు. మొగుడు ఒకచోట, పెళ్లాం పిల్లలు ఇంకోచోట పడుకోవాలంటే ఏ కుటుంబమూ ఒప్పుకోదు. పెద్దాసుపత్రుల దగ్గరి షెల్టర్లు నిండుతాయంటే, అక్కడికి వచ్చేది ఊళ్లో ఇల్లుండి రోగి వెంట వచ్చినవాళ్లు. వాళ్ల అవసరమూ నిజమే, కానీ ఆ రద్దీ చూపించి ఫుట్‌పాత్ లెక్క తీరిందనుకోకూడదు.

భయం కూడా ఒక కారణం. 2017 నవంబరులో హైదరాబాద్‌లో అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సుకు ముందు భిక్షాటనను నిషేధించి, దొరికినవాళ్లను జైళ్ల శాఖ ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. ఆ తర్వాత రాత్రిపూట వ్యాను ఆగి "రండి, పడుకోవడానికి చోటిస్తాం" అంటే ఎవరు నమ్ముతారు?

జనాభా లెక్కల్లోనూ వీళ్లు ఇలాగే తప్పిపోతారు. 2011 ఫిబ్రవరి 28 రాత్రి ఇల్లులేనివాళ్లను లెక్కించారు. దేశం మొత్తం మీద 17.7 లక్షలు, అందులో పట్టణాల్లో 9.38 లక్షలు. ఒక్క రాత్రిలో తీసిన లెక్క. ఆ వేళకు ఇంకా పనిలో ఉన్నవాళ్లు, గూడ్స్ ఆటోలో నిద్రపోయేవాళ్లు అందులో సులువుగా జారిపోతారు.

ఇళ్ల పథకాలు మరో దారిలో నడిచాయి. తెలంగాణలో 560 చదరపు అడుగుల డబుల్ బెడ్‌రూం, ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ సంస్థ టిడ్కో కట్టిన, 300 చదరపు అడుగుల నుంచి మొదలయ్యే ఫ్లాట్లు, 2020 డిసెంబరులో మొదలైన పట్టణాల్లో సెంటు స్థలం. అన్నిటికీ వాకిలి ఒకటే: రేషన్ కార్డు. దానికి చిరునామా కావాలి, మామూలుగా కుటుంబమూ కావాలి. ఒంటరి కూలీకి రెండూ లేవు. ఓటు విషయంలో మాత్రం ఎన్నికల సంఘం తెలివైన దారి తీసింది. చిరునామా పత్రం లేకపోయినా బూత్ అధికారి రాత్రిపూట వెళ్లి, దరఖాస్తులో రాసిన చోటే ఆ మనిషి పడుకుంటున్నాడని చూసుకుంటే చాలు. ఇదే పద్ధతి రేషన్ కార్డుకూ పెట్టడానికి అడ్డేమిటో అర్థం కాదు.

జీవనోపాధుల మిషన్ గడువు 2024 సెప్టెంబరుతో ముగిసింది. 2025 ఫిబ్రవరిలో నిరాశ్రయుల కేసు విచారణలో, పట్టణ పేదరిక నిర్మూలన మిషన్‌ను ఖరారు చేస్తున్నామని కేంద్రం తరఫున అటార్నీ జనరల్ సుప్రీంకోర్టుకు చెప్పారు. కొత్త మార్గదర్శకాలు వచ్చినప్పుడు ముందు చూడాల్సినవి రెండు: నిర్వహణ ఖర్చు కింద రాసిన అంకె, గేటు తెరిచి ఉంచే గంటలు.