బజర్ నొక్కే పిల్లలు: అపోహలు - వాస్తవాలు

కోనసీమలో ఓ హైస్కూల్లో సోషల్ చెబుతాను. సాయంత్రం లాంగ్ బెల్ కొట్టాక ఆసక్తి ఉన్న పిల్లలతో క్విజ్ ఆడిస్తుంటాను. దీని మీద స్టాఫ్ రూమ్‌లోనూ, పేరెంట్స్ మీటింగుల్లోనూ మళ్లీ మళ్లీ వినే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: జీకే పుస్తకం బట్టీ పట్టినవాడే గెలుస్తాడు.

వాస్తవం: బట్టీతో కొంతదూరమే వెళ్లగలరు. "1895, భీమవరం" అనే బిట్టు తీసుకోండి. అది వినగానే మావాళ్లు చాలామంది "యల్లాప్రగడ సుబ్బారావు" అని అరిచేస్తారు. అడివి బాపిరాజు గారు పుట్టిందీ ఆ ఏడాదే, ఆ భీమవరం ప్రాంతంలోనే. బిట్టు ఒక్కటే తెలిసినవాడికి ఇద్దరిలో ఎవరో ఎలా తేలుతుంది?

అందుకే అమెరికా హైస్కూళ్లలో ఆడే క్విజ్‌బౌల్ పద్ధతిలో ప్రశ్నలు రాస్తాను. ఒక్కో ప్రశ్నా నాలుగైదు వాక్యాలుంటుంది. ఎవరికోగానీ తెలియని ఆధారం ముందు వస్తుంది, అందరికీ తెలిసింది ఆఖర్న వస్తుంది. చదువుతుండగానే బజర్ నొక్కొచ్చు. సరైన జవాబుకు 10 పాయింట్లు. మధ్యలో ఆపి తప్పు చెబితే చాలా పోటీల్లో 5 పోతాయి. సుబ్బారావు గారి మీద ప్రశ్న ఇలా నడుస్తుంది: "ఫాస్ఫరస్‌ను కొలిచే ఒక పద్ధతికి సైరస్ ఫిస్కేతో పాటు ఈయన పేరు కూడా ఉంది." ఎవరూ కదలరు. "కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనిపెట్టింది వీళ్లిద్దరే." సైన్సు ఇష్టంగా చదివేవాళ్లు ముందుకు వంగుతారు. "లెడర్లీ ప్రయోగశాలలో ఈయన బృందం ఫోలిక్ యాసిడ్..." అనేసరికి ఎవరో ఒకరు నొక్కేస్తారు. భీమవరం ఆఖరి వాక్యంలో ఉంటుంది. అక్కడిదాకా వెళ్లిందంటే ఆ రోజు క్లాసు డల్‌గా ఉందన్నమాటే.

అపోహ: చెయ్యి చురుగ్గా ఉంటే చాలు.

వాస్తవం: చురుకు కావాలి, కానీ పని చెప్పాల్సింది చెవికి. "ధవళేశ్వరం దగ్గర..." అనగానే నొక్కేసి "కాటన్ బ్యారేజీ" అనేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. ప్రశ్న 1852లో పూర్తయిన ఆనకట్ట గురించి కావచ్చు. ఇప్పుడు మనం బస్సులో దాటే కాటన్ బ్యారేజీని ఆ ఆనకట్ట బదులు తర్వాతెప్పుడో కట్టారు. తెలుసు, తెలిసినట్టుంది, తెలియదు - ఈ మూడింటినీ క్షణంలో వేరు చేసుకోగలిగిన పిల్లే నా దృష్టిలో మంచి ప్లేయర్. స్కోరు కూడా చూసుకోవాలి. వెనకబడి ఉండి ఆట ముగుస్తుంటే సగం నమ్మకంతోనైనా నొక్కాలి, ముందున్నప్పుడు ఆగాలి. టెన్షన్‌లో ఈ లెక్క తప్పనివాళ్లు తక్కువ.

అపోహ: ఫస్ట్ ర్యాంకు పిల్లల్ని పంపిస్తే సరిపోతుంది.

వాస్తవం: ర్యాంకర్లలో మంచి ప్లేయర్లు ఉంటారు. కానీ చాలామందికి తప్పు చెబితే పరువు పోతుందని భయం, తెలిసింది కూడా మింగేస్తారు. జట్టుకు నలుగురు కావాలి, నలుగురూ సైన్సులో దిట్టలైతే పురాణాల ప్రశ్న వచ్చినప్పుడు మొహాలు చూసుకోవాల్సిందే. ఎండాకాలంలో కాలువలు ఎందుకు కట్టేస్తారో, గౌతమి ఎక్కడ విడిపోతుందో, యానాం ఎందుకు పుదుచ్చేరిలో ఉందో చెప్పగల లంక పిల్లాడు వెనక బెంచీలో ఉండొచ్చు. వాడికి మార్కులు రావని మనమే పక్కన పెడతాం.

అపోహ: బహుమతి లేకపోతే పిల్లలు రారు.

వాస్తవం: 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే అమెరికన్ సైకాలజిస్టులు బొమ్మలు వేయడం ఇష్టమున్న చిన్నపిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. బొమ్మ వేస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పిన పిల్లలు, ఆ తర్వాత ఖాళీగా ఉన్నప్పుడు బొమ్మలు వేయడం తగ్గించారు. చెప్పకుండా ఇచ్చినవాళ్లలో అలా జరగలేదు. నేనూ పెన్నులు, పుస్తకాలు ఇస్తాను, ముందుగా మాత్రం చెప్పను. పిల్లల్ని మర్నాడు మళ్లీ రప్పించేది ఎక్కువగా పోయిన ప్రశ్నే. పక్క బెంచీవాడు చెప్పేసి తాను చెప్పలేకపోయిన జవాబు గురించి ఇంటికెళ్లి వెతుక్కుని, పొద్దున్నే వచ్చి "సార్, దాంట్లో ఇంకోటి ఉంది" అంటారు. చప్పట్లు కావాలనుకునేవాళ్లూ ఉంటారు. ఉండనివ్వండి, ఆ వయసు అలాంటిది.

అపోహ: ఫోన్లో అన్నీ ఉండగా ఇదంతా ఎందుకు?

వాస్తవం: ఏం వెతకాలో తెలియాలి కదా.

అపోహ: టెన్త్‌లో ఇదంతా టైం వేస్ట్.

వాస్తవం: పబ్లిక్ పరీక్షల ముందు రోజూ ఆడించమని నేనూ అనను. కానీ పాఠాన్ని పదేపదే చదవడం కంటే, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుంటే వారం తర్వాత ఎక్కువ గుర్తుంటుందని రోడిగర్, కార్పికే 2006లో చూపించారు. క్విజ్‌లో జరిగేది అదే. పాఠంలోంచే ప్రశ్నలు రాస్తే రివిజన్ కూడా అయిపోతుంది.

అపోహ: బజర్ సెట్ కొనాలి, మా స్కూల్లో ఫండ్స్ లేవు.

వాస్తవం: ఒక జట్టుకు సైకిల్ బెల్లు, ఇంకో జట్టుకు స్టీలు పళ్లెం, గరిటె ఇవ్వండి. శబ్దాలు వేరుగా ఉంటే ముందెవరు కొట్టారో తెలుస్తుంది. రెండూ ఒకేసారి మోగాయని గొడవ వస్తే ప్రశ్న రద్దు చేసి కొత్తది చదవండి. ప్రశ్నలు పిల్లల చేతే రాయించండి, ఆధారాల వరుస మాత్రం మీరు ఒకసారి సరిచూడండి.