పత్తి గింజలకు బిల్లేది?

మే నెల సగం దాటిందంటే మా వరంగల్ పేపర్లలో ఒకే రకం వార్త రోజూ కనిపిస్తుంది. నకిలీ విత్తనాల పట్టివేత, లూజు పత్తి గింజల స్వాధీనం. టేబుల్ మీద ప్యాకెట్లు పేర్చి, వెనకాల పోలీసులు, వ్యవసాయ అధికారులు నిలబడిన ఫొటో. నేను హనుమకొండలో ఉంటున్నా, పరకాల దిక్కు మా ఊర్లో తమ్ముడు ఇప్పటికీ నాలుగెకరాల్లో పత్తి పెడతాడు. ఆ ఫొటో చూసినప్పుడల్లా నా మనసు పట్టుబడని సరుకు మీదికే పోతుంది. అది ఎవరి చేన్లో పడిందో, పంట పోతే అడగడానికి ఆ రైతు చేతిలో కాగితం ముక్క ఉందో లేదో అని.

మా జిల్లా వరకు ఈ కథను 1997-98 నుంచి చెప్పుకోవాలి. అప్పటికే జొన్న, పల్లికాయ వేసే చెల్కల్లోకి పత్తి వచ్చేసింది. ఆ ఏడాది కాలంగాని కాలంలో వానలు పడ్డాయి, లద్దె పురుగు, పచ్చ పురుగు చేన్లను తినేశాయి. మోనోక్రోటోఫాస్ కొట్టారు, ఎండోసల్ఫాన్ కొట్టారు, రెండూ కలిపి కొట్టారు. పురుగు చావలేదు. మందుల్లోనే కల్తీ ఉందని అప్పుడు గట్టిగా మాట వచ్చింది. వరంగల్ పత్తి రైతుల ఆత్మహత్యలు దేశమంతా తెలిసింది ఆ సీజన్‌లోనే. నేనప్పుడు చిన్నపిల్లగాణ్ని. బాపు ముక్కుకు తువ్వాల చుట్టుకొని పంపు వీపున వేసుకొని పోవడం, వచ్చినంక ఆ తువ్వాలను అమ్మ వేరే బకెట్‌లో నానబెట్టడం గుర్తుంది. ఎంత ఉతికినా ఆ వాసన పోయేది కాదు.

ఆ మందులు, గింజలు, యూరియా అన్నీ ఒకే దుకాణం నుంచి వచ్చేవి. అంతా ఉద్దెరే. నూటికి రెండో మూడో రూపాయల మిత్తి. పత్తి చేతికొచ్చినంక ఆ దుకాణదారుకే కాంటా పెట్టాలి, ఆయన చెప్పిందే రేటు. ఒకసారి బాపు వెంట నేనూ పోయిన. "సేటూ, బిల్లు ఇయ్యరాదు?" అని బాపు అడిగితే, "మనకు మనకు బిల్లేంది, ఖాతాల రాసిన గదా" అన్నాడాయన. మాటలో కోపం లేదు, చాయ్ కూడా తాగించాడు. బాపు మళ్లీ అడగలేదు. అడిగితే వచ్చే ఏడాది ఉద్దెర పుట్టదు. రైతు అంత అమాయకుడా, బిల్లు తీసుకోవడం కూడా తెలియదా అని పట్నంలో నన్ను అడిగినవాళ్లున్నారు. తెలియక కాదు. అప్పు ఇచ్చేవాడు, గింజలు అమ్మేవాడు, పంట కొనేవాడు ఒక్కడే అయినచోట బిల్లు అడగడమంటే ఆయన్ని నమ్మడం లేదని మొహం మీద చెప్పడమే.

2002 మార్చిలో కేంద్రం బీటీ పత్తికి అనుమతి ఇచ్చింది. కాయతొలుచు పురుగును మొక్కే చంపుతుందని, మందు ఖర్చు తగ్గుతుందని చెప్పారు. 1998 చూసిన ఊర్లకు అంతకంటే ఏం కావాలి? అయితే మొదట వచ్చిన మహికో-మోన్‌శాంటో కంపెనీ మూడు 'మెక్' రకాలు మా దిక్కు సరిగా కాయలేదు. రైతులు రోడ్డెక్కారు, పరిహారం కట్టాలని ప్రభుత్వం కంపెనీని అడిగింది, కంపెనీ ఒప్పుకోలేదు. చివరికి 2005లో ఆ మూడు రకాలకు ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి పొడిగించలేదు. పరిహారం మాట మాత్రం తేలకుండానే మిగిలింది.

తేలింది ధర సంగతి. అప్పట్లో 450 గ్రాముల బీటీ ప్యాకెట్ 1,850 రూపాయల దాకా ఉండేది, అందులో 1,250 దాకా బీటీ జన్యువు హక్కులున్న కంపెనీకి పోయే రాయల్టీయే. దీనిమీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006లో గుత్తాధిపత్య వ్యాపార ధోరణులను విచారించే ఎంఆర్‌టీపీ కమిషన్‌కు పోయింది. ఒక రాష్ట్రం రైతుల తరఫున వినియోగదారుడిలాగా నిలబడి, ఇంత ధర అన్యాయం అని కొట్లాడింది. మే నెలలో కమిషన్ ధర తగ్గించుకోవాలని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది, రాష్ట్రం ప్యాకెట్ 750కి మించి అమ్మొద్దంది. 2007లో పత్తి విత్తనాల ధరల మీద చట్టమే తెచ్చింది. 2015 డిసెంబర్‌లో కేంద్రం దేశమంతటికీ ధర నియంత్రణ ఉత్తర్వు ఇచ్చింది. 2016లో బీటీలో రెండో తరమైన బీజీ-2 ప్యాకెట్ ధర 800, రాయల్టీ 49. 2020 నాటికి ధర 730, రాయల్టీ సున్నా. తర్వాత మళ్లీ పెరిగి 2025లో 901కి చేరింది. ఎవరు ఏమన్నా ఇది నిజంగా గెలిచిన కొట్లాటే. నాలుగెకరాలకు ఎనిమిది ప్యాకెట్లు కొనే ఇంటికి 1,850కీ 750కీ ఉన్న తేడా ఎంతో లెక్క కట్టి చూడండి.

కానీ మంచి రకం అనే పేరు పడ్డ గింజలకు కొరత వచ్చినప్పుడు ఆ ధర కాగితం మీదే ఉంటుంది. 2024 మేలో ఆదిలాబాద్‌లో ఒక రకం ప్యాకెట్ల కోసం రైతులు ఎండలో బారులు తీరడం, అక్కడ పోలీసులతో గొడవ కావడం అందరం టీవీలో చూసినం. దానికి తోడు గులాబీ పురుగు బీజీ-2ను తట్టుకోవడం నేర్చుకుంది. కలుపు తీసే కూలి భరించలేక కొందరు గడ్డి మందు కొట్టినా చావని పత్తి వైపు పోతున్నారు. ఊర్లలో దాన్ని బీజీ-3 అంటారు. దానికి దేశంలో అనుమతే లేదు కాబట్టి లూజుగానే వస్తుంది, రాత్రి పూట వస్తుంది. బిల్లు అన్న మాటే ఉండదు.

ప్యాకెట్‌ను ఒక్కసారి చేతిలోకి తీసుకొని చూడండి. ప్రైవేటు కంపెనీల సంకర పత్తికి ఎక్కువగా ఉండేది లేత ఆకుపచ్చ లేబుల్. ప్రభుత్వ ఏజెన్సీ పరీక్షించి ధ్రువీకరించిన సర్టిఫైడ్ విత్తనానికి నీలి ట్యాగ్ ఉంటుంది. ఆకుపచ్చ లేబుల్ అంటే లోపల ఏముందో కంపెనీయే స్వయంగా చెప్పుకున్న మాట అని అర్థం. ఆ గింజలు ఏ విడత సరుకో చెప్పే లాట్ నంబర్, పరీక్ష తేదీ, గడువు తేదీ, కనీసం 75 శాతం మొలక, ఇవన్నీ చిన్న అక్షరాల్లో ఉంటాయి. మొలకెత్తకపోతే వారం పది రోజుల్లో తెలుస్తుంది, మళ్లీ విత్తుకోవచ్చు. మొలిచి, ఏపుగా పెరిగి, పూతకొచ్చినంక కాయ నిలవకపోతేనే అసలు నష్టం. అప్పటికి మూడు నెలలు దాటుతాయి, ప్యాకెట్ ఎప్పుడో చెత్తలో కలిసిపోయి ఉంటుంది. వాన తప్పు, మందు తప్పు, నీ పద్ధతి తప్పు అని కంపెనీ మనిషి అంటే ఎదురు చెప్పడానికి ఏం మిగలదు.

చట్టం చూద్దామంటే 1966 నాటి విత్తన చట్టంలో మొదటి తప్పుకు జరిమానా ఎంతో తెలుసా, 500 రూపాయలకు మించదు. రెండోసారి దొరికితే 1,000 రూపాయల దాకా జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. 2004లో కొత్త విత్తన బిల్లు రాజ్యసభకు వచ్చింది, చట్టం కాలేదు. 2025 నవంబర్‌లో కేంద్రం మళ్లీ ముసాయిదా పెట్టింది. అందులో జరిమానా 30 లక్షల దాకా, జైలు మూడేళ్ల దాకా అన్నారు. ఇంత పెద్ద శిక్ష రాయడం మంచిదే. అయితే జరిమానా పోయేది ప్రభుత్వ ఖజానాకు. పంట పోయిన మనిషికి ఎవరు, ఎన్ని నెలల్లో డబ్బు కట్టాలో సూటిగా రాయాలన్నది రైతుల డిమాండ్, నాదీ అదే.

రైతు చేతికి నిజంగా అందిన ఆయుధం ఒకటుంది, దాని గురించి ఊర్లలో చాలా తక్కువ మందికి తెలుసు. 2012 జనవరిలో సుప్రీంకోర్టు, జాతీయ విత్తన సంస్థకూ మన ఉమ్మడి రాష్ట్ర రైతులకూ నడిచిన కేసులో, విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని తేల్చింది. లాభం కోసం సాగు చేస్తాడు కాబట్టి వినియోగదారుడు కాడన్న వాదం నిలవలేదు. పరీక్షకు విత్తన నమూనా ఏదని అడిగితే కోర్టు చెప్పిన మాట నాకు చాలా నచ్చింది. రైతు కొన్న గింజలన్నీ విత్తుతాడు గానీ, రేపు కేసు వేయాల్సి వస్తుందని కొన్ని దాచిపెట్టుకోడు కదా అంది. ఆ తీర్పు ప్రకారం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. 5 లక్షల దాకా విలువైన కేసుకు ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి. సలహాకు 1915 నంబర్ ఉంది. నమూనా లేకున్నా నడుస్తుంది. ఏ దుకాణంలో, ఏ లాట్ గింజలు, ఏ రోజు కొన్నాడో మాత్రం చూపించాలి.

అంటే మళ్లీ బాపు అడిగిన బిల్లు దగ్గరికే వచ్చినం. బిల్లు ఇవ్వాలని నిబంధన ఉన్నా ఉద్దెర మీద బతికే రైతు దాన్ని గుంజుకోలేడు. బ్యాంకు అప్పు సకాలంలో అందితేనే నగదు పెట్టి కొనగలడు, నగదు పెడితేనే గట్టిగా అడగగలడు. నకిలీ విత్తనాల మీద మే నెలలో జరిగే దాడులతో పాటు, జూన్‌లో దుకాణాల బిల్లు బుక్కులు కూడా అధికారులు తిప్పి చూడాలని నేను కోరుకుంటున్నా.

2025 జూన్‌లో తమ్మునికి నేను ముందే డబ్బులు పంపిన, ఉద్దెర వద్దని చెప్పి. సాయంత్రం ఫోన్ చేశాడు. "అన్నా, బిల్లు ఇచ్చిండు" అన్నాడు సంతోషంగా. లాట్ నంబర్ రాసిండా అని అడిగిన. కాసేపు కాగితం తిప్పిన చప్పుడు. "పత్తి విత్తనాలు, ఎనిమిది అని రాసిండు గంతే" అన్నాడు. మళ్లీ పోయి రాయించుకొమ్మన్న. చీకటైతుందని గొణిగినా బండి తీసిండు. ఖాళీ ప్యాకెట్లు, ఆ బిల్లు ఇప్పుడు బీరువాలో పట్టా పాస్‌బుక్కు కిందనే ఉన్నాయి.